ఆడడం వేరు, ఆడించడం వేరు: మిసిసాగాలో నా హాకీ కోచింగ్ అనుభవం

కెనడాలో, టొరంటో పక్కనున్న మిసిసాగాలో మా అమ్మాయి ఆడే ఐస్ హాకీ జట్టుకి పోయిన సీజన్ నుంచి నేను అసిస్టెంట్ కోచ్‌ని. పుట్టింది గుంటూరు జిల్లాలో. బడిలో ఆడింది ఖోఖో. స్కేట్లు కట్టుకోవడం ముప్పై ఐదు దాటాక, కెనడా వచ్చాక నేర్చుకున్నాను. అలాంటి నాకు ఈ ఆటలో పిల్లలకి నేర్పే అవకాశం ఎలా దొరికిందో, దానికి ఏమేం చేయాలో తెలిస్తే ఇంకొందరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఒక మాజీ ప్రొఫెషనల్ ఆటగాడి పక్కన నిలబడి పనిచేశాక కోచింగ్ మీద నాకున్న అభిప్రాయమే మారిపోయింది. గొప్పగా ఆడినవాళ్లందరూ గొప్పగా నేర్పుతారని నేనూ అందరిలాగే అనుకునేదాన్ని.

ముందు ఇక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. కెనడాలో పిల్లల హాకీ చాలావరకు వాలంటీర్ల చేతుల మీద నడుస్తుంది. ఊళ్లోని అసోసియేషన్ జట్లు కడుతుంది, రింకులో, అంటే మంచు మైదానంలో, సమయం కొంటుంది, రిఫరీలకి డబ్బులిస్తుంది. పోటీ జట్లకి జీతం తీసుకునే కోచ్‌లు ఉండొచ్చు గానీ, హౌస్ లీగ్ అనే మామూలు స్థాయిలో కోచ్, అసిస్టెంట్లు, దెబ్బలు తగిలితే చూసుకునే ట్రైనర్, మేనేజర్ అందరూ తల్లిదండ్రులో, ఆట మీద ప్రేమ ఉన్న పాత ఆటగాళ్లో అయి ఉంటారు. వయసుని బట్టి యూ7, యూ9, యూ11 అంటూ, అంటే ఏడేళ్లలోపు, తొమ్మిదేళ్లలోపు, పదకొండేళ్లలోపు పిల్లలకి జట్లు ఉంటాయి. మా అమ్మాయిది యూ9. ఈ వయసులో సీజన్‌లో చాలా భాగం సగం రింకులోనే ఆడిస్తారు. పూర్తి రింకు అంటే 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఎనిమిదేళ్ల పిల్లలు అంత మేర పరిగెత్తితే ఆ గంటలో పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) కర్రకి తగిలేది ఒకటి రెండు సార్లే. చోటు తగ్గిస్తే పక్ దగ్గర పడుతుంది, మలుపులు ఎక్కువ తిరగాలి, ఆలోచన వేగంగా చేయాలి. మొదట్లో కొందరు తండ్రులు ఇది అసలు హాకీయే కాదని సణిగేవారు. రెండు నెలలు మంచు మీద నిలబడి చూశాక, ఈ పద్ధతి పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

మా హెడ్ కోచ్ ఒకప్పుడు హాకీ ఆడి బతికిన మనిషి. ఉత్తర అమెరికాలో హాకీ వృత్తికి మెట్లున్నాయి. పైన 32 జట్ల ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్), దాని కింద అమెరికన్ హాకీ లీగ్, ఇంకా కింద ఈసీహెచ్‌ఎల్. ఆయన కింది రెండు మెట్ల మీద కొన్నేళ్లు, ఆ తర్వాత యూరప్‌లో కొన్నేళ్లు ఆడారు. పై మెట్టు ఎక్కలేదు. మోకాలు సహకరించక ఆపేసి, ఇప్పుడు పగలంతా వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మా పిల్లలకి ఇస్తున్నారు. సీజన్ మొదట్లో ఆయనే తల్లిదండ్రులందరికీ కబురు పెట్టారు: మంచు మీద ఇంకో ఇద్దరు సాయం కావాలి, స్కేటింగ్ వస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అని. మావారికి స్కేటింగ్ రాదు. నాకు వచ్చు. నగరపాలక సంస్థ వాళ్ల రింకులో పెద్దవాళ్ల కోసం పెట్టే క్లాసుల్లో రెండు చలికాలాలు నేర్చుకున్నాను. పేరిచ్చేశాను.

పేరిచ్చిన మర్నాటి నుంచి కాగితాల పని. అందులో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది పోలీస్ చెక్. పిల్లలతో పనిచేసే ఎవరికైనా మామూలు రికార్డు చెక్ సరిపోదు, వల్నరబుల్ సెక్టర్ చెక్ కావాలి. క్షమాభిక్ష పొందిన లైంగిక నేరస్థుల రికార్డులతో కూడా మన వివరాలు సరిచూస్తారు. పుట్టిన తేదీ, లింగం ఏదైనా రికార్డుతో కలిస్తే, మనకి ఏ నేరంతోనూ సంబంధం లేకపోయినా, వేలిముద్రలు ఇచ్చి రావాలి. మన తరంలో చాలామంది సర్టిఫికెట్లలో ఉన్నది అమ్మ చెప్పే పుట్టినరోజు కాదు, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసుకున్న తేదీ. నాదీ అంతే. ఆ తేదీ ఎవరిదో రికార్డుతో కలిసింది. వేలిముద్రలు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నాకు అందులో అవమానంగా ఏమీ తోచలేదు. మా అమ్మాయిని వదిలి వెళ్లే చోట ప్రతి పెద్దమనిషినీ ఇలా వడకట్టారని తెలిసి నిశ్చింతగా అనిపించింది.

దానితోపాటు ఆన్‌లైన్ కోర్సులున్నాయి. వేధింపులు, బెదిరింపులు, పిల్లల మీద మాటలతో చేసే హింస, వీటిని ఎలా గుర్తించాలో చెప్పే రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్ ఒకటి. డ్రెస్సింగ్ రూమ్‌లో ఏ పెద్దవాళ్లూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరుండాలి అనే నియమం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కెనడా హాకీలో కోచ్‌ల చేతిలో పిల్లలు పడ్డ బాధలు బయటికొచ్చిన చరిత్ర ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన షెల్డన్ కెనెడీ తను కుర్రాడిగా ఆడిన జూనియర్ జట్టు కోచ్ చేసిన లైంగిక దౌర్జన్యాన్ని 1990లలో ధైర్యంగా బయటపెట్టారు. ఆ కోచ్ జైలుకి వెళ్లాడు. తర్వాత కెనెడీ మొదలుపెట్టిన సంస్థ నుంచే ఈ కోర్సు వచ్చింది. ఆట మానేసిన ఆటగాడు చేయగలిగిన పనుల్లో ఇంతకంటే పెద్దది నాకైతే కనబడదు. బెంచీ వెనక నిలబడకుండానే ఆయన దేశంలోని ప్రతి కోచ్‌కీ పాఠం చెప్తున్నారు.

మిసిసాగా ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఇంకోటి తప్పనిసరి, రోవన్ చట్టం. ఒటావాకి చెందిన రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ల అమ్మాయి రగ్బీ జట్టు కెప్టెన్. తలకి తగిలిన దెబ్బ మానకముందే మళ్లీ ఆడి, మళ్లీ దెబ్బ తగిలి 2013లో చనిపోయింది. ఆ అమ్మాయి పేరు మీద 2018లో చట్టం చేశారు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే పిల్లని వెంటనే ఆట నుంచి తప్పించాలి. డాక్టరో, నర్స్ ప్రాక్టీషనరో సరేనంటే తప్ప పూర్తి స్థాయి ఆటలోకి మళ్లీ దించకూడదు. కోచ్‌లూ తల్లిదండ్రులూ ఏటా ఆ పాఠం చదివి సంతకం పెట్టాలి. అది చదువుతున్నప్పుడు మా ఊరి బడి మైదానం కళ్ల ముందు మెదిలింది. కళ్లు తిరుగుతున్నాయి సార్ అంటే మొహం మీద నీళ్లు కొట్టి మళ్లీ ఆడించిన రోజులవి. మా డ్రిల్లు మాస్టారు మంచివారే. అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత అసలు కోచింగ్ కోర్సు. కొంత ఆన్‌లైన్‌లో, తర్వాత ఒక శనివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా, సగం గదిలో, సగం మంచు మీద. ఆ గదిలో ఉన్నవాళ్లలో చాలామంది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి హాకీ ఆడినవాళ్లు. జూనియర్ స్థాయిలో పేరు తెచ్చుకున్నవాళ్లూ ఇద్దరున్నారు. బోధించే ఆయన మమ్మల్ని జంటలుగా చేసి ఒక పని ఇచ్చారు. ఎదుటివాళ్లు ఏడేళ్ల పిల్ల అనుకుని హాకీ స్టాప్ ఎలా చేయాలో మూడు వాక్యాల్లో చెప్పాలి.

హాకీ స్టాప్ అంటే వేగంగా వెళ్తూ ఒక్కసారిగా రెండు కాళ్లూ అడ్డం తిప్పి, మంచు తురుము ఎగిరేలా ఆగడం. నా జంట అయిన కుర్రాడు దాన్ని కళ్లు మూసుకుని చేయగలడు. చెప్పమంటే మాత్రం, "ఇలా... ఆగిపోవాలి" అంటూ నడుం తిప్పి చూపించాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే. నాలుగేళ్ల వయసులో ఒంటికి పట్టిన విద్య అతనిది. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎలా నేర్చుకున్నాడో అతనికి జ్ఞాపకం లేదు. నేనైతే మొన్నమొన్ననే నేర్చుకున్నాను కాబట్టి ప్రతి ముక్కా గుర్తుంది. బ్లేడు అడుగు చదునుగా ఉండదు, నిలువునా సన్నటి గాడి ఉంటుంది, గాడికి అటూ ఇటూ రెండు అంచులు. మోకాళ్లు బాగా వంచి కూర్చున్నట్టు కిందికి వెళ్లి, పైకి లేస్తూ ఒంటి బరువు తేలిక చేసినప్పుడే పాదాలు అడ్డం తిరుగుతాయి. బరువు మోపి ఉండగా తిప్పబోతే అంచు మంచులో దిగబడి బోర్లా పడతాం. తిరిగాక మళ్లీ మోకాళ్లు వంచి మంచుని గీకాలి. ఇదంతా నేను చెప్తుంటే బోధకుడు మా బల్ల దగ్గర ఆగి విన్నారు. తర్వాత అందరికీ కలిపి చెప్పారు: మీకు ఎంత బాగా వచ్చో అన్నది ఈ గదిలో మొదటి ప్రశ్న కాదు, మీకు వచ్చినదాన్ని ముక్కలుగా విడదీయగలరా లేదా అన్నది మొదటి ప్రశ్న అని.

దాని గురించి మా హెడ్ కోచ్‌తో తర్వాత మాట్లాడాను. ఆయన కూడా ఈ కోర్సుకే వచ్చి, ఇలాగే కూర్చున్నారట. ఆట మానేసిన మొదటి ఏడాది తనకి కోచింగ్ అస్సలు రాలేదని చెప్పారు. "పిల్లాడు పాస్ ఎందుకివ్వలేదో నాకు అర్థమయ్యేది కాదు. పక్కవాడు ఖాళీగా ఉన్నాడు కదా, కనబడుతోంది కదా అనుకునేవాణ్ని. వాడికి కనబడదు. వాడు తల దించుకుని పక్‌నే చూస్తున్నాడు. తలెత్తడం ముందు నేర్పాలని తెలియడానికి నాకు ఒక సీజన్ పట్టింది." ఆయన మాటలు నేను డైరీలో రాసుకున్నాను.

అప్పటినుంచి ఆటగాళ్లుగా ఉండి కోచ్‌లైన వాళ్ల కథల మీద నాకు ఆసక్తి పెరిగింది. వేన్ గ్రెట్జ్‌కీ కంటే గొప్ప ఆటగాడు లేడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన 2005 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు ఎన్‌హెచ్‌ఎల్ జట్టయిన ఫీనిక్స్ కొయోటీస్‌కి హెడ్ కోచ్‌గా ఉన్నారు. ఒక్కసారి కూడా ఆ జట్టు కప్పు కోసం జరిగే చివరి దశ పోటీలకి, అంటే ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. జట్టులో ఉన్న సరుకు కూడా ఒక కారణమే అనుకోండి, తప్పంతా ఆయన మీద వేయడం అన్యాయం. ఇంకోవైపు మార్టిన్ సెయింట్ లూయీ. ఐదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, కొత్త ఆటగాళ్లని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. అయినా 2004లో టాంపా బేతో ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్, అదే ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచారు. 2015లో రిటైరయ్యాక ఆయన చేసిన పని కనెక్టికట్‌లో తన కొడుకుల జట్లకి కోచింగ్ ఇవ్వడం. 2022 ఫిబ్రవరిలో లీగ్‌లో అట్టడుగున ఉన్న మాంట్రియల్ కెనడియన్స్ ఆయన్ని పిలిచి జట్టు అప్పగించింది. ప్రొఫెషనల్ స్థాయిలో హెడ్ కోచ్‌గా అనుభవం లేదు, ఉన్నది చాలావరకు పిల్లల హాకీ అనుభవమే. చాలామంది ఆశ్చర్యపోయారు. మూడేళ్లకి, 2025లో, ఆ కుర్ర జట్టు ప్లేఆఫ్స్‌కి చేరింది. పిల్లల దగ్గర చేసిన పని చిన్నదేమీ కాదని నేను గట్టిగా నమ్మడానికి ఆయనే కారణం.

మానీ మల్హోత్రా కథ నాకు ఇంకా దగ్గరిది. పుట్టింది మా మిసిసాగాలోనే, 1980లో. తండ్రి పంజాబీ, తల్లి కెబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచ్ కెనడియన్. 1998 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ ఆయన్ని ఏడో స్థానంలో తీసుకున్నారు. గోల్స్ కొట్టే పేరు కాదు ఆయనది, ఫేస్ ఆఫ్‌లకీ డిఫెన్స్‌కీ పేరు. రిఫరీ ఇద్దరి మధ్య పక్ వదిలినప్పుడు దాన్ని తన జట్టు వైపు లాగడాన్ని ఫేస్ ఆఫ్ గెలవడం అంటారు. యాభై శాతం గెలిస్తే సరే అనుకునే చోట, వాంకూవర్‌కి ఆడిన 2010-11 సీజన్‌లో ఆయన అరవై శాతం పైనే గెలిచారు. ఆ సీజన్‌లోనే, 2011 మార్చిలో, పక్ ఎగిరి ఎడమ కంటికి తగిలింది. ఆపరేషన్లు జరిగినా చూపు పూర్తిగా తిరిగి రాలేదు. అయినా ఆ జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్లో మంచు మీదకి దిగారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 991 ఆటలు ఆడారు. తర్వాత వాంకూవర్‌కి, ఆపైన టొరంటో మేపుల్ లీఫ్స్‌కి అసిస్టెంట్ కోచ్. 2024లో అబాట్స్‌ఫర్డ్ కనక్స్‌కి హెడ్ కోచ్ అయ్యి, మొదటి సీజన్‌లోనే, 2025 జూన్‌లో, అమెరికన్ హాకీ లీగ్ కప్పయిన కాల్డర్ కప్ గెలిపించారు. బ్రాంప్టన్, మిసిసాగా రింకుల్లో మన దేశపు పిల్లలు ఇంతమంది కనబడుతున్న ఈ రోజుల్లో ఆ కథ ప్రతి ఇంట్లో తెలియాలని నా ఆశ. మా అమ్మాయికి చెప్పినప్పుడు అది అడిగింది ఒక్కటే: "ఒక కంటితో ఫేస్ ఆఫ్ ఎలా గెలుస్తారు?" నేనూ అదే ఆలోచిస్తూ ఉంటాను. చూపు ఒక్కటే అయితే గెలిచేవారు కాదు. రిఫరీ చెయ్యి, ఎదుటివాడి పట్టు, కర్ర వాలు, ఇవన్నీ ముందే చదివే అలవాటు ఆయన్ని కోచ్‌ని కూడా చేసి ఉంటుంది.

ఆడవాళ్ల విషయానికొస్తే జెస్సికా క్యాంప్‌బెల్ పేరు చెప్పాలి. కెనడా మహిళల జట్టుకి, మహిళల లీగులో కాల్గరీకి ఆడారు. ఆ లీగు 2019లో మూతపడింది. ఆమె పవర్ స్కేటింగ్ నేర్పడం మొదలుపెడితే ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చారు. 2024లో సియాటిల్ క్రాకెన్ ఆమెని అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు బెంచీ వెనక పూర్తి స్థాయి అసిస్టెంట్ కోచ్‌గా నిలబడ్డ మొదటి మహిళ ఆమే. మా జట్టులో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. మంచు మీద నన్ను చూసి వాళ్లు మామూలుగా "కోచ్" అని పిలిచి సందేహం అడిగి వెళ్లిపోతారు. వాళ్లకి అందులో విశేషం ఏమీ లేదు. నాకు మాత్రం అదే ఎంతో విశేషం.

ఇక మంచు మీద పని. గంట సమయం కొన్నామంటే చేతికొచ్చేది యాభై నిమిషాలే, మిగతాది జంబోనీ యంత్రం మంచుని నునుపు చేయడానికి పోతుంది. ఆ యాభై నిమిషాల్లో ఒక్కటి కూడా పిల్లలు వరసలో నిలబడి ఎదురుచూడకూడదని మా కోచ్ పట్టుదల. ముందురోజు రాత్రే ప్రాక్టీస్ ప్లాన్ పంపిస్తారు. సగం రింకుని మూడు స్టేషన్లుగా చేసి, ఒక్కో చోట ఒక్కో పని పెట్టి, విజిల్ వేస్తే గుంపులు మారతాయి. నాకు ఇచ్చినది స్కేటింగ్ స్టేషన్: లోపలి అంచు, బయటి అంచు, ఆగడం, వెనక్కి వెళ్లడం. మంచు మీదున్న పెద్దవాళ్లు కూడా హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకోవాలి, అది మా కోచ్‌కైనా తప్పదు.

ఆయన దగ్గర నేను చూసి నేర్చుకున్న పెద్ద సంగతి, తక్కువ మాట్లాడడం. పది సెకన్లలో చెప్పడం, ఒకసారి చేసి చూపించడం, వదిలేయడం. ఒక బాబుకి వారాల తరబడి ఎడమవైపు ఆగడం రాలేదు. నేను ప్రతిసారీ మోకాళ్లు, నడుం, భుజం అంటూ అన్నీ సరిదిద్దుతుంటే ఆయన వచ్చి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్క మాటన్నారు: "బ్రెడ్డు మీద పీనట్ బటర్ రాస్తావు కదా, ఈ కాలితో మంచుని అలా పక్కకి రాయి చూద్దాం." గోడ పట్టుకుని వాడు రాయడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రానికి రాలేదు గానీ, మరుసటి వారం వచ్చింది. ముక్కలుగా విడదీయడం నాకు చేతనవును. ఏ ముక్క ఇవాళ చెప్పాలో, ఏది మింగేసి ఊరుకోవాలో తెలియడం ఆయన విద్య. అది ఏ కోర్సులోనూ ఒక్క శనివారంలో రాదు.

ఆటల రోజున నా పని బెంచీ తలుపు. ఈ వయసులో నిర్ణీత సమయానికి బజర్ మోగుతుంది, పిల్లలందరూ మారాలి, అందరికీ సమానంగా ఆట దక్కాలి. ఒక ఆటలో మా బాబొకడు వెనక్కి జారి రింకు గోడకి తల కొట్టుకున్నాడు. లేచి, బాగానే ఉన్నానన్నాడు. వాళ్ల నాన్న గాజు అవతలి నుంచి ఆడించమని సైగ చేస్తున్నారు. మా ట్రైనర్ బాబుని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడిగి, ఇవాళ్టికి ఆట అయిపోయిందన్నారు. తండ్రి బెంచీ దగ్గరికే వచ్చారు. మా కోచ్ గొంతు పెంచలేదు. తను ఆడే రోజుల్లో ఇలాంటి దెబ్బలెన్ని తిని ఎన్నిసార్లు వెంటనే మళ్లీ ఆటలోకి దిగారో, ఆ తర్వాత తలనొప్పితో ఎన్ని రాత్రులు గడిపారో రెండు ముక్కల్లో చెప్పారు. చట్టం సంగతి ఎత్తే అవసరమే రాలేదు. తండ్రి బాబు చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లారు. మా కోచ్ ఆడిన ఏళ్ల విలువ నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కడ కనబడింది. ఒంటి మీద మోసినవాడి మాటకి ఉండే బరువు చదివి చెప్పేవాళ్ల మాటకి ఉండదు.

ఈ పని చేయాలనుకునే తెలుగువాళ్లకి నేను చెప్పేది, సెప్టెంబర్ దాకా ఆగకండి. అసోసియేషన్లు వేసవిలోనే వాలంటీర్ల పేర్లు తీసుకుంటాయి. పోలీస్ చెక్‌కి అసోసియేషన్ ఇచ్చే ఉత్తరం పట్టుకుని జూన్, జూలైలో పెట్టేస్తే వేలిముద్రలు అడిగినా సీజన్‌కి అందుతుంది. కోచింగ్ కోర్సుల్లో చోట్లు త్వరగా నిండిపోతాయి. ఫీజు మా అసోసియేషన్ తిరిగి ఇచ్చింది, మీ దగ్గర అడిగి చూడండి. స్కేటింగ్ రాకపోయినా మేనేజర్‌గా, ట్రైనర్‌గా చేయొచ్చు. ఒంటారియోలో శిక్షణ పొందిన ట్రైనర్ లేకుండా జట్టు ఆటకి దిగడానికి వీల్లేదు, ఆ పనికి ఎప్పుడూ మనుషులు చాలరు. మావారు ఈసారి ఆ కోర్సుకే పేరిచ్చారు. నేను యూ11కి కావలసిన తర్వాతి స్థాయి కోర్సు తీసుకుంటున్నాను. అక్కడ పూర్తి రింకు, గోల్‌కీపర్లు, ఆఫ్‌సైడ్, జట్టుగా ఆడే పద్ధతులు, అన్నీ కొత్తగా నేర్చుకోవాలి.